ఒక్క స్క్రూ కూడా పరాయిది కాకూడదు

ఆస్గర్ ముప్పయ్యారేళ్ళు బళ్ళ తనిఖీ కేంద్రంలో పనిచేసి రిటైరయ్యాడు. సముద్రం పాయలా లోపలికి చొచ్చుకొచ్చిన ఫ్యోర్డ్ ఒడ్డున ఉన్న స్కార్‌హోమ్ ఊళ్ళో కారున్నవాళ్ళంతా ఎప్పుడో ఒకప్పుడు అతని ఎదుట చేతులు కట్టుకుని నిలబడ్డవాళ్ళే. అతను టార్చి పట్టుకుని బండి కిందికి దిగి, మళ్ళీ పైకొచ్చి, కళ్ళజోడు తుడుచుకుని, కాయితం మీద ఏం రాస్తాడో తేలేదాకా వాళ్ళ నోరు ఎండిపోయేది. తుప్పు, వెంట్రుకంత పగులు, ఒక పక్కకు లాగే బ్రేకు, ఏదీ అతని కన్ను దాటిపోయేది కాదు. అయితే లోపం చూపించడం వరకే తన పని అనుకునేవాడు. బాగుచేయడం ఇంకొకరి పని. అన్నేళ్ళ ఉద్యోగంలో స్క్రూడ్రైవర్ పట్టి ఎరగడు. సొంత సైకిలుకు గాలి తగ్గినా షాపు దాకా నడిపించుకుపోయేవాడు.

పెళ్ళి చేసుకోలేదు. "ఇద్దరు ఆడవాళ్ళతో కొన్నాళ్ళు తిరిగాడు. ఇద్దరికీ రిపేర్ల చీటీ రాసిచ్చి పంపేశాడు," అని క్లబ్బులో ఎగోన్ చెప్పి అందర్నీ నవ్విస్తుండేవాడు. ఆ మాట ఆస్గర్ చెవిన కూడా పడింది. అందులో ఒక తప్పుందని మాత్రమే అతనికి బాధ. ఇద్దరు కాదు, ఒక్కరే.

క్లబ్బంటే స్కార్‌హోమ్ రిమోట్ కార్ల సంఘం. రేవులో పాత చేపల షెడ్డు వెనక మట్టి పోసి, గుట్టలూ మలుపులూ చేసి ట్రాక్ వేసుకున్నారు. మూరెడు పొడవుండే కార్లు, వాటికి బ్యాటరీ, మోటారు, చేతిలో రిమోటు. సభ్యులు నలభై మంది. చాలామందికి మనవలున్నారు. వాళ్ళ కార్లు కూడా వాళ్ళంత పాతవే. జపాన్‌లో వాటిని చేసిన కంపెనీ ఏనాడో చేయడం మానేసింది కాబట్టి, ఒకడి కారు చచ్చిపోతే దాని చక్రాలు ఇంకొకడికీ, గేర్లు మరొకడికీ పోయేవి. ఆదివారం ఉదయం బల్లల మీద జరిగే బేరమంతా అదే. "నీ ముందు ఇరుసు ఇస్తే నా మోటారు పట్టుకుపో." ఎవరి కారులో ఎవరిది ఏముందో ఎవరికీ లెక్క లేదు, పట్టింపూ లేదు.

పట్టింపు ఆస్గర్‌కు ఉంది. పదకొండేళ్ళ కిందట అతను నిబంధనల కమిటీకి అధ్యక్షుడయ్యాడు. ఆ కమిటీలో ఇంకెవరూ లేరు. కార్లను రెండు వర్గాలుగా విడగొట్టాడు. మొదటిది మేలిమి వర్గం. "ఈ వర్గమున పోటీ చేయు కారులోని ప్రతి భాగమూ ఆ నమూనాదే అయి ఉండవలెను. ఒక్క స్క్రూ కూడా పరాయిది కాకూడదు." రెండో వర్గానికి పేరు పెట్టడానికి అతనికి మనసొప్పలేదు. 'మిగతావి' అని రాసి ఊరుకున్నాడు. మేలిమిలో గెలిచినవాడికి వెండి కప్పు. మిగతావాటిలో గెలిచినవాడికి చప్పట్లు.

మేలిమి వర్గంలో నిలిచిన కార్లు ఐదు. అందులో ఆస్గర్ కారే తలమానికం. దాని పెట్టె మీద తోడేలు బొమ్మ ఉండేది కాబట్టి అందరూ దాన్ని తోడేలు అనేవాళ్ళు. నలభై ఏళ్ళ కిందట, ఇరవయ్యారేళ్ళ వయసులో, కొత్తది కొన్నాడు. పదకొండేళ్ళలో తొమ్మిదిసార్లు కప్పు దానికే వచ్చింది. గెలిచినప్పుడల్లా ఆస్గర్ చిన్న ఉపన్యాసం ఇచ్చేవాడు. "కలగాపులగం లేని బండి కాబట్టే ఇది ఇట్లా పరిగెడుతోంది. ప్రతి భాగం దాని పక్కదాన్ని పుట్టినప్పట్నించీ ఎరుగును." ఎగోన్ వెనక వరసలో ఎర్ర సాసేజీ నములుతూ తలాడించేవాడు.

తోడేలు బాగోగులు చూసేది మాత్రం ఆస్గర్ కాదు, తోర్కిల్. పడవల ఇంజన్లు బాగుచేసి బతికిన మనిషి, నెమ్మదస్తుడు, ఆస్గర్‌కున్న ఒకే ఒక్క స్నేహితుడు. ఏటా అక్టోబరులో ఆస్గర్ కారును పాత బూట్ల పెట్టెలో పెట్టి తోర్కిల్‌కు ఇచ్చేవాడు. మార్చిలో తోర్కిల్ దాన్ని తుడిచి, నూనె పెట్టి, తిరిగి తెచ్చేవాడు.

"ఏమన్నా అరిగిందా?" అని ఆస్గర్ అడిగేవాడు.

"పెద్దగా ఏం లేదు," అనేవాడు తోర్కిల్.

ఆ జనవరిలో తోర్కిల్ పోయాడు. ఆసుపత్రికి వెళ్ళే ముందే, డిసెంబరులో, కారు తెచ్చి ఇచ్చేశాడు. అంత్యక్రియల రోజున ఆస్గర్ చర్చిలో చివరిదాకా నిటారుగా కూచుని, ఇంటికి పోయి, బూట్ల పెట్టె ఒళ్ళో పెట్టుకున్నాడు.

జూన్‌లో ఏటా జరిగే పెద్ద పోటీ వచ్చింది. తనిఖీ బల్ల దగ్గర ఆస్గర్ కూచున్నాడు. పక్కన రికె. ముప్పై ఏళ్ళ పిల్ల, క్లబ్బు కార్యదర్శి, చుట్ల లెక్క ఆమెది. వరసలో మూడోవాడు ఎగోన్. అతను ఊళ్ళో నీటి గొట్టాల పనివాడు, భారీ మనిషి. అతని కారు పెట్టె మీద కుందేలు బొమ్మ ఉండేదట. అదే కంపెనీ చేసిన చవక రకం. ఇప్పుడందులో కుందేలుదని చూడగానే పోల్చుకోదగ్గది పై డొప్ప ఒక్కటే. పదకొండేళ్ళుగా ఏటా దాన్ని మేలిమి వర్గానికి పట్టుకొస్తాడు, ఏటా ఆస్గర్ తిప్పి పంపుతాడు. ఎగోన్‌కు అదో పండగ.

"ఈసారి కూడా అదేనా?" అన్నాడు ఆస్గర్.

"అదే. పోయినేడు పద్దెనిమిది తప్పులు రాశావు. ఈసారి ఇంకోటి కలిపి తెచ్చా, నీకు విసుగు పుట్టకుండా."

ఆస్గర్ కళ్ళజోడు సర్దుకుని కారు తిరగేశాడు. "ముందు చక్రాలు బొమ్మ లారీవి. ఒకటి. బ్యాటరీని పట్టుకున్న ఈ బద్దీ... ఇది నీళ్ళ పైపు క్లాంపు."

"మంచి క్లాంపు. మీ ఇంటి బాత్రూములో కూడా అదే వేశా."

"రెండు. వెనక చేతులు తోడేలువి. కుందేలువి కావు. మూడు..." అని ఆస్గర్ ఆగిపోయాడు. భూతద్దం తీసి దగ్గరగా పెట్టాడు. వెనక చక్రాన్ని పట్టుకునే ఆ నల్లటి ప్లాస్టిక్ చేయి అడుగున, చీమ తలంత చుక్కలు మూడు, త్రికోణంలో ఉన్నాయి. ఏటా మట్టీ గ్రీజూ పట్టి ఉండే ఆ అడుగును ఎగోన్ ఈసారి కడిగి తెచ్చినట్టుంది.

ఆ చుక్కలు అతనికి తెలుసు. నలభై ఏళ్ళ కిందట తోడేలు పెట్టె విప్పినప్పుడు, ఒక్కో భాగాన్నీ తీసి, సూదిని కొవ్వొత్తి మంట మీద కాల్చి, అడుగున మూడు చుక్కలు పొడిచి, అప్పుడు బిగించమని తోర్కిల్ చేతికిచ్చాడు. క్లబ్బులో బల్లల మీద తన సామాను ఇతరుల సామానుతో కలిసిపోకూడదని. ఆ సంగతి తనకూ తోర్కిల్‌కూ తప్ప ఎవరికీ తెలియదు.

రెండో చేయి తిప్పాడు. మూడు చుక్కలు. గేర్‌బాక్స్ డొప్ప తిప్పాడు. మూడు చుక్కలు.

"ఇవి నావి," అన్నాడు.

"ఏవి?"

"ఈ చేతులు. ఈ గేర్‌బాక్స్. నా తోడేలువి. నీ దగ్గరికెట్లా వచ్చాయి?"

ఎగోన్ నవ్వబోయి, ఆస్గర్ మొహం చూసి ఆపుకున్నాడు. "తోర్కిల్ ఇచ్చాడు. ఒక్కోటీ ఒక్కో ఏడు. విరిగినవాటిని లోపల పిన్ను గుచ్చి అతికించి ఇచ్చేవాడు. ఎక్కడివని నేనడగలా. నేనెప్పుడూ అడగను, నీకు తెలుసుగా."

"నా కారులో ఉండాల్సినవి నీ కారులో ఉంటే, నా కారులో ఏమున్నట్టు?"

అది అతను ఎవరినీ అడగలేదు, తనలో తాను అనుకున్నాడు. కానీ పైకే వచ్చేసింది. వరసలో అందరూ విన్నారు. రికె మెల్లిగా అంది: "విప్పి చూస్తే సరిపోతుంది కదా, ఆస్గర్."

విప్పడానికి అతని దగ్గర ఏమీ లేదు. ఎగోన్ జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి ఇచ్చాడు. ఆస్గర్ దాన్ని పట్టుకున్న తీరు చూసి, మళ్ళీ వెనక్కి తీసుకుని తనే విప్పసాగాడు. పది నిమిషాల్లో తోడేలు బల్ల మీద ముక్కలు ముక్కలుగా పరిచి ఉంది. చుట్టూ జనం మూగారు.

అడుగు పళ్ళెం మీద మూడు చుక్కలున్నాయి. ఇంక దేని మీదా లేవు. చేతులు కుందేలువి, పైన అంకెలు ఆకురాయితో అరగదీసి ఉన్నాయి. గేర్లలో ఒకటి పిల్లలు ఆడుకునే క్రేను బొమ్మలోది. చక్రాలను తిప్పే కడ్డీ సైకిలు పుల్ల ముక్క. ఇంకేదో చిన్న వాషరు ఎక్కడిదో ఎవరికీ అంతుపట్టలేదు.

"ఆ ఎడమ షాకబ్సార్బరు నాది," అన్నాడు వెనకనుంచి ఒక ముసలాయన. "నా కారు ఫ్యోర్డ్‌లో పడి పాడైనప్పుడు తోర్కిల్ పట్టుకుపోయాడు."

"ఆ బేరింగులు మావి," అంది ఇంకొకామె. "మా ఆయన వేసుకోక మూలనబెట్టినవి. చూడు, ఇంకా ఎంత బాగున్నాయో."

ఇట్లా ఒక్కొక్కరే ముందుకొచ్చి, పెళ్ళిఫొటోలో చుట్టాలను పోల్చుకున్నట్టు తమ సామాను చూపించుకున్నారు. ఎవరికీ కోపం లేదు. చాలామందికి గర్వంగానే ఉంది. తొమ్మిది కప్పుల్లో తమ వంతు కూడా ఉందని అప్పుడే తెలిసింది మరి. ఆస్గర్‌కు మాత్రం ఆ బల్ల ముందు బట్టలు విప్పి నిలబెట్టినట్టుంది.

అయినా అతను ఆస్గరే. కుర్చీ లాక్కుని, కాయితం తీసి, ఎవరి కారుకైనా చేసినట్టే మొదటినుంచి చివరిదాకా లెక్కపెట్టి రాశాడు. చివర్న గట్టిగా చదివాడు: "పరాయి భాగాలు ముప్పై ఒకటి. మేలిమి వర్గానికి పనికిరాదు." సంతకం చేసి, కాపీ చింపి, యజమాని కాపీ తన జేబులోనే పెట్టుకున్నాడు. తర్వాత కుందేలును లెక్కపెట్టాడు. పందొమ్మిది.

"నాకంటే పన్నెండు ఎక్కువ," అన్నాడు ఎగోన్. "ఒప్పుకుంటున్నా. గెలిచావు."

ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. ఎగోన్ కూడా అన్నాక నొచ్చుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే ఆస్గర్ సైకిలెక్కి తోర్కిల్ ఇంటికి పోయాడు. తోర్కిల్ భార్య బోదిల్ పెరట్లో తీపి వంటకు వాడే పుల్లటి కాడలు కోస్తోంది. ముళ్ళకంప లాంటి మనిషి, డెబ్బై ఏళ్ళొచ్చినా ఎవరికీ మొహమాటపడదు. ఆస్గర్ జేబులోంచి చీటీ తీసి ఆమె చేతికిచ్చాడు. ఆమె పూర్తిగా చదివింది.

"ముప్పై ఒకటా? ఇరవయ్యెనిమిది అనుకున్నా," అంది.

"అంటే నీకు తెలుసు."

"వంటింటి బల్ల మీదేగా చేసేవాడు. నా కుట్టు మిషన్ వాషరు కూడా నీ కారులోనే ఉంది. అది పీకినప్పట్నించీ నా మిషను వెనక్కి కుట్టడం మానేసింది."

ఆస్గర్ మెట్టు మీద కూలబడ్డాడు. "ఇన్నేళ్ళూ నాకు అబద్ధం చెప్పాడు."

"ఏం అబద్ధం చెప్పాడు?"

"ఏమన్నా అరిగిందా అంటే పెద్దగా ఏం లేదనేవాడు."

"పెద్దగా అనేవాడుగా. అది అబద్ధం కాదు." బోదిల్ కాడలను బుట్టలో పడేసి అతని పక్కన కూచుంది. "మొదటి చేయి విరిగిన ఏడు నీకు గుర్తుందా? పగులు వచ్చినట్టుందని అన్నాడు నీతో. కొత్తది దొరకదు, కంపెనీకి రాశాను, చేయడం మానేశారట, కుందేలుది వేస్తానన్నాడు. నువ్వేమన్నావు?"

ఆస్గర్‌కు గుర్తులేదు.

"నాకుంది. ఇదే వంటింట్లో కూచుని నా కాఫీ తాగుతూ అన్నావు. కల్తీ బండి నడపడం కంటే క్లబ్బు మానేయడం మేలు అని. నువ్వు పోయాక ఈయన రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. వాడు క్లబ్బు మానేస్తే ఆదివారాలు ఏం చేస్తాడే బోదిల్ అన్నాడు. మర్నాడు పొద్దున కుందేలు చేయి పెట్టేసి, పగులు కాదు, మురికి అని నీతో చెప్పాడు."

"అది అబద్ధమే."

"సరే, అది ఒక్కటీ అబద్ధం. రాసుకో."

ఆస్గర్ రాసుకోలేదు. గడ్డిలో పడ్డ కాడ ఒకటి ఏరి బుట్టలో వేశాడు. తర్వాత, "నాకు భయపడ్డాడా?" అని అడిగాడు.

"నీకా?" బోదిల్ అతన్ని కిందినుంచి పైకి చూసింది. "నీ మీద జాలిపడ్డాడు."

ఆమె లేచి లోపలికి వెళ్ళి పాత బిస్కెట్ల డబ్బా తెచ్చి అతని ఒళ్ళో పెట్టింది. మూత మీద కాగితం అంటించి 'ఆ.' అని రాసి ఉంది. లోపల చిన్న చిన్న నల్లటి ముక్కలు, గేర్లు, అరిగిన ఇరుసులు. ప్రతిదాని మీదా మూడు చుక్కలు. ఎగోన్‌కు పనికిరానివన్నీ అందులో ఉన్నాయి. "ఒక్కటి కూడా పారేయనిచ్చేవాడు కాదు," అంది. "తీసుకుపో. డబ్బా మాత్రం తిరిగిచ్చేయ్, నాకు కావాలి."

మర్నాడు ఆస్గర్ ఎగోన్ వర్క్‌షాపుకు పోయాడు. కమోడ్లు, వాష్‌బేసిన్లు, గొట్టాల మధ్య ఎగోన్ రై రొట్టె మీద లివర్ ముద్ద రాసుకుని తింటున్నాడు.

"నా భాగాలు నాకు కావాలి," అన్నాడు ఆస్గర్. "పళ్ళెం నా దగ్గరుంది. ఇరవై మూడు డబ్బాలో ఉన్నాయి. మిగతా ఎనిమిదీ నీ కారులో ఉన్నాయి. అన్నీ కలిపితే తోడేలు తోడేలవుతుంది."

"మరి నా కుందేలు?"

"నా కారులో ఉన్న పరాయివన్నీ నువ్వు తీసుకో."

ఎగోన్ నమలడం ఆపాడు. "తొమ్మిది కప్పులు గెలిచిన సామానంతా నాకిచ్చేసి, విరిగి అతుకులేసిన ముక్కలు నువ్వు తీసుకుంటావా?"

"అవును."

"నిద్రపోయి లేచి మళ్ళీ ఆలోచించుకో."

"నిన్న రాత్రంతా ఆలోచించాను."

"సరే," అన్నాడు ఎగోన్. "కానీ నేను విప్పను. నువ్వే విప్పాలి. నేను పక్కన కూచుని చెప్తా."

నాలుగు శనివారాలు పట్టింది. మొదటి రోజు ఆస్గర్ ఆరు స్క్రూల తలలు చెడగొట్టాడు. "అటు కాదు, ఇటు. ముందు లోపలికి నొక్కు, తర్వాత తిప్పు," అని ఎగోన్ వందసార్లు చెప్పాడు. "బండిని తిట్టినట్టు చూడమాక. దానికేం తెలుసు." రెండో శనివారం చెడగొట్టినవి రెండే. మూడో శనివారం మధ్యాహ్నం అతను స్వయంగా ఒక ఇరుసును దాని గుంటలో కూచోబెట్టాడు. అది టక్కుమని కూచుంది. ఆ చప్పుడు విని ఆస్గర్ మొహంలోకి వచ్చిన వెలుగు చూసి, ఎగోన్ ఏదో అనబోయి, కాఫీ పెట్టడానికి లేచి వెళ్ళాడు.

అతికించిన చేతుల్లోని పిన్నుల దగ్గర మాత్రం ఇద్దరికీ వాదన వచ్చింది.

"ఈ ఇనుప పిన్ను తోడేలుది కాదుగా. మరి ఇది పరాయిదే," అన్నాడు ఎగోన్.

"మరమ్మతు వేరు, మార్పిడి వేరు," అన్నాడు ఆస్గర్.

"నా వ్యాను కింద అతుకేస్తే అది వేరే బండి అని రాశావు. వారం రోజులు బస్సులో తిరిగా."

ఆస్గర్ కళ్ళజోడు తుడుచుకున్నాడు. "అది నీ వ్యాను," అన్నాడు.

ఆగస్టు చివరి ఆదివారం క్లబ్బులో మళ్ళీ పోటీ. సొంత కారును ఎవరూ తనిఖీ చేయకూడదని జూన్ తర్వాత ఆస్గరే కొత్త నిబంధన రాశాడు కాబట్టి తోడేలును రికె చూసింది. గంటసేపు భూతద్దం పెట్టి చూసి, "పరాయి భాగాలు: సున్నా," అని రాసింది. మేలిమి వర్గంలో అంతవరకు నిజంగా సున్నా అనదగ్గ కారు ఒక్కటీ లేదు. మిగతా నాలుగింటిలో ఏదో ఒక వాషరో, నట్టో ఉంటే, పోటీకి కార్లు మిగలాలి కదా అని ఆస్గర్ చూసీ చూడనట్టు వదిలేసేవాడు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆస్గర్ తల వంచి అందుకున్నాడు.

జెండా ఊపారు. తోడేలు కదిలింది. మొదటి మలుపు బాగానే తిరిగింది. మొదటి గుట్ట ఎక్కి, గాలిలోకి లేచి, నేలను తాకగానే, నలభై ఏళ్ళ ప్లాస్టిక్ ఎండు బిస్కెట్టులా నాలుగు వైపులా పగిలిపోయింది. చక్రం ఒకటి దొర్లుకుంటూ పోయి కంచె కింద ఆగింది. మిగతా నాలుగు కార్లు దాన్ని తప్పించుకుంటూ వెళ్ళిపోయాయి.

తర్వాత మిగతావాటి పోటీ. ఎగోన్ కుందేలు, తొమ్మిది కప్పుల సామాను కడుపులో పెట్టుకుని, ఎవరికీ అందలేదు. మేలిమి వర్గంలో గెలిచినవాడికంటే పదకొండు సెకన్లు ముందే ముగించింది. అందరూ చప్పట్లు కొట్టారు. దానికి అంతకు మించి నిబంధనలు ఒప్పుకోవు.

ఆస్గర్ కంచె దగ్గర తోడేలు ముక్కలు ఏరుకుంటున్నాడు. ఎగోన్ వచ్చి వంగి, రెండు ముక్కలు తనూ ఏరి ఇచ్చాడు.

"ఒక మాట చెప్పనా," అన్నాడు. "ఇన్నాళ్ళూ నేను నీ కారు మంచిది కాబట్టి గెలుస్తున్నావనుకునేవాణ్ణి. ఇప్పుడు అదే సామాను నా దగ్గరుంది. మలుపుల్లో నువ్వు తిప్పినట్టు నాకు రావట్లేదు. నువ్వే నడిపితే పదకొండు కాదు, ఇరవై సెకన్ల తేడా వచ్చేది."

నలభై ఏళ్ళలో ఎగోన్ నోట ఆస్గర్ విన్న మొదటి మంచి మాట అది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.

నవంబరులో క్లబ్బు సర్వసభ్య సమావేశం. కాఫీ, దాల్చిన చెక్క రొట్టెలు అయ్యాక ఆస్గర్ లేచాడు. మూడు పేజీలు రాసుకొచ్చాడు. సారాంశం ఏమిటంటే, మేలిమి వర్గం రద్దు చేయాలి. అన్ని కార్లూ ఒకే వర్గంలో పోటీపడాలి. ఎవరి భాగాలు ఎవరు వాడుకున్నా ఎవరూ అడగరాదు. "ఈ నిబంధన పెట్టినవాణ్ణి నేనే కాబట్టి, ఇది తప్పని చెప్పే బాధ్యత కూడా నాదే," అని ముగించి కూచున్నాడు. జీవితంలో తనకు తాను రిపేర్ల చీటీ రాసుకోవడం అది రెండోసారి.

ఎగోన్ లేచాడు.

"నేను వ్యతిరేకిస్తున్నా," అన్నాడు.

ఆస్గర్ నోరు తెరిచి అతనివైపు చూశాడు.

"పదకొండేళ్ళుగా నన్ను బయటికి తోస్తున్నాడు ఈయన. ఏటా ఇంకో పరాయి ముక్క కోసం ఊరంతా వెతుకుతా. పోయిన చలికాలమంతా దాని మీదే గడిచింది. ఎవర్నైనా రానిస్తామంటే ఇంక నేను ఎక్కడికి రావాలి? తోయించుకునేందుకు తలుపుండొద్దా?"

బేరింగుల ఆవిడ కూడా లేచింది. "ఆస్గర్ భూతద్దం పెట్టి చూస్తేనే కదా, మా ఆయన బేరింగులు అక్కడున్నాయని మాకు తెలిసింది. తనిఖీ తీసేస్తే ఎవరిది ఎక్కడికి పోయిందో ఎట్లా తెలుస్తుంది?"

చేతులెత్తమన్నారు. రద్దుకు అనుకూలం ఒకటి. వ్యతిరేకం ముప్పై మూడు. రికె తటస్థం. లెక్కపెట్టేది ఆమే కాబట్టి చేతులు ఖాళీ లేవంది. ఆ వెంటనే ఆస్గర్‌ను నిబంధనల కమిటీకి మరో రెండేళ్ళు అధ్యక్షుడిగా ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. అతను వద్దంటే, అది వద్దనడానికి నిబంధనల్లో వీలు లేదని రికె చూపించింది. ఆ నిబంధన కూడా అతను రాసిందే.

ఆ చలికాలం ఆస్గర్ శనివారాలన్నీ ఎగోన్ వర్క్‌షాపులోనే గడిపాడు. తోడేలు ముక్కల్లో పనికొచ్చినవి నాలుగే నాలుగు. మిగతావి ఎవరెవరో తెచ్చిచ్చారు. ముసలాయన కుడి షాకు కూడా ఇచ్చేశాడు, ఎడమది ఎప్పుడో పోయింది, ఒక్కటి తనకెందుకని. ఎగోన్ ఒక క్లాంపు ఇచ్చాడు. బోదిల్ తోర్కిల్ పాత పనిముట్ల సంచీ ఇచ్చింది, చూసి వాడు అని హెచ్చరించి మరీ. ఆస్గర్ ఒక్కో స్క్రూ తన చేత్తోనే బిగించాడు. బిగించి విప్పాడు, విప్పి మళ్ళీ బిగించాడు. ఏ భాగం మీదా చుక్కలు పెట్టలేదు. పెడదామని సూది తీశాడు గానీ, ఏది ఎవరిదని పెట్టాలో తేలక మళ్ళీ పెట్టేశాడు.

మే నెలలో కొత్త సీజను మొదలైంది. ఆస్గర్ తన కారును 'మిగతావి' వర్గానికి నమోదు చేయడానికి పత్రం నింపాడు. పేరు రాశాడు, సభ్యత్వం నంబరు రాశాడు, పుట్టిన తేదీ రాశాడు. 'కారు నమూనా' అన్న గడి దగ్గర కలం ఆగింది. తోడేలు అందామంటే కాదు. కుందేలు అంతకన్నా కాదు. గడి ఖాళీగా వదిలి, పత్రం బల్ల మీద పెట్టి, చుట్టూ తిరిగి అవతలి పక్కకు వెళ్ళి కుర్చీలో కూచున్నాడు. కళ్ళజోడు పెట్టుకుని పై పత్రం తీసుకుని చదివాడు. ఒక గడి ఖాళీగా ఉంది. నిబంధనల ప్రకారం అసంపూర్తి పత్రాన్ని స్వీకరించరాదు. ఎర్ర సిరాతో 'అసంపూర్తి' అని రాసి, పత్రాన్ని బల్ల అవతలి అంచుకు తోసి, దాన్ని నింపాల్సినవాడి కోసం చూస్తూ కూచున్నాడు.

వరసలో వెనక నిలబడ్డ ఎగోన్ చంకలో కుందేలు సర్దుకుని, మెడ సాచి చూశాడు.

"తొందరగా తేల్చుకోండయ్యా ఇద్దరూ," అన్నాడు. "వెనక జనం ఉన్నారు."